సెప్సిస్‌కు గంట నియమం: అనుమానం ఉన్న ప్రతి రోగికీ పెట్టాలా?

ఐసీయూ వైద్యుడు, మహారాణిపేట:

మా ఆసుపత్రి నాణ్యతా కమిటీ ముందు ఒక ప్రతిపాదన పెట్టాను. సెప్సిస్ అంటే ఇన్ఫెక్షన్‌కు శరీరం అదుపు తప్పి స్పందించి అవయవాలు దెబ్బతినే స్థితి. ఆ అనుమానం ఉన్న ప్రతి రోగికీ క్యాజువాల్టీకి వచ్చిన గంటలోపు మొదటి యాంటీబయాటిక్ డోసు పడాలి. ఎందరికి పడిందో ప్రతి నెలా లెక్క తీసి బోర్డు మీద రాయాలి. 2006లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, సెప్టిక్ షాక్ (సెప్సిస్ ముదిరి బీపీ ప్రమాదకరంగా పడిపోయే స్థితి) రోగులకు బీపీ పడిపోయాక మందు ఆలస్యమైన ప్రతి గంటకూ బతికే అవకాశం సగటున 7.6 శాతం తగ్గింది. న్యూయార్క్ రాష్ట్రం 2013లోనే ఆసుపత్రులన్నిటికీ సెప్సిస్ ప్రోటోకాల్ తప్పనిసరి చేసింది. మనం ఇంకా ఎవరికి తోచినట్లు వారు వైద్యం చేస్తున్నాం. అభ్యంతరాలుంటే చెప్పండి.

మైక్రోబయాలజిస్ట్, ఎంవీపీ కాలనీ:

షాక్‌లో ఉన్నవారి విషయంలో వాదనే లేదు డాక్టర్ గారూ. ‘అనుమానం ఉన్న ప్రతి రోగికీ’ అన్న మాట దగ్గరే నా అభ్యంతరం. మీరు చూపిన 7.6 శాతం బీపీ పడిపోయినవారి లెక్క. జ్వరం, ఆయాసంతో వచ్చిన అందరికీ దాన్ని వర్తింపజేయలేం. సర్వైవింగ్ సెప్సిస్ క్యాంపెయిన్ అనే అంతర్జాతీయ వైద్యుల బృందం ఇచ్చిన 2021 మార్గదర్శకాలు కూడా షాక్ ఉన్నవారికీ, సెప్సిస్ అని దాదాపు తేలినవారికీ గంట గడువు పెట్టాయి. షాక్ లేకుండా అనుమానం మాత్రమే ఉంటే త్వరగా పరీక్షించి, అనుమానం తీరకపోతే మూడు గంటలలోపు మందు ఇవ్వమన్నాయి.

మన విశాఖకు సంబంధించిన సంగతి ఇంకొకటి ఉంది. పాడేరు, అరకు వైపు నుంచి జ్వరంతో వచ్చేవారిలో స్క్రబ్ టైఫస్ (నల్లి జాతి పురుగు కుట్టడం వల్ల వచ్చే జ్వరం), మలేరియా రెండింటినీ గుర్తుంచుకోవాలి. సెప్సిస్‌కు మామూలుగా వాడే యాంటీబయాటిక్‌లలో మెరోపెనెం స్క్రబ్ టైఫస్ క్రిమి మీద పనిచేయదు, సెఫ్ట్రియాక్సోన్ కూడా అంతే. డాక్సీసైక్లిన్ గానీ అజిత్రోమైసిన్ గానీ కావాలి. తీవ్రమైన కేసుల్లో ఈ రెండూ కలిపి నరానికి ఇస్తే విడివిడిగా ఇచ్చినదానికంటే మేలని మన దేశంలోనే జరిగిన పరీక్ష 2023లో చూపించింది. అటువంటి రోగికి నలభై నిమిషాల్లో మెరోపెనెం ఎక్కించామనుకోండి. బోర్డు మీద మనం నెగ్గాం. స్క్రబ్ టైఫస్‌ను పట్టిచ్చే గుర్తు, అతని చంకలో చెక్కు కట్టిన నల్లటి మచ్చను మాత్రం ఎవరూ చూడలేదు. మీ లెక్కలో ఆ మనిషి ఎక్కడున్నాడు?

ఐసీయూ వైద్యుడు, మహారాణిపేట:

స్క్రబ్ టైఫస్ మాట ఒప్పుకుంటాను. ఏజెన్సీ నుంచి వచ్చిన జ్వరానికి మొదటి డోసులోనే డాక్సీసైక్లిన్ చేర్చమని ప్రోటోకాల్‌లో రాసుకోవచ్చు. మూడు గంటల వెసులుబాటుకు మాత్రం ఒప్పుకోను. మన క్యాజువాల్టీల్లో మూడు గంటలు అంటే ఐదవుతుంది. ఆ లోపల రోగి షాక్‌లోకి జారిపోతాడు.

స్టాఫ్ నర్సు, గాజువాక:

గంటా, మూడు గంటలా అని మీరిద్దరూ వాదించుకుంటున్నారు. ఆ గంట ఎక్కడ ఖర్చవుతోందో ఎవరూ అడగలేదు. నేను ఇంతకుముందు పనిచేసిన చోట డాక్టర్ గారు పది నిమిషాల్లోనే ఆర్డరు రాసేవారు. బ్లడ్ కల్చర్ సీసాలు (రక్తంలో ఏ క్రిమి ఉందో తేల్చే పరీక్షకు వాడేవి) ల్యాబ్‌లో ఉండేవి, రాత్రి ల్యాబ్‌కు తాళం. యాంటీబయాటిక్‌కు చీటీ రాసి బంధువులను మందుల షాపుకు పంపేవారు. దూరం నుంచి అంబులెన్సులో వచ్చినవాళ్లు చేతిలో డబ్బు లేక బిల్లు కౌంటర్ దగ్గర నిలబడిపోయేవారు. ఇదంతా మారకుండా బోర్డు ఒక్కటే పెడితే ఏమవుతుందో కూడా చూశాను. ఆర్డరు రాసిన టైమునే మందు ఇచ్చిన టైముగా రాసేస్తారు.

ముందు ఒక ట్రే పెట్టండి. అందులో కల్చర్ సీసాలు, రెండు మూడు రకాల మొదటి డోసులు, సెలైన్ సెట్టు ఉండాలి. బిల్లు తరువాత వేయాలి. వాడినది ఆ షిఫ్టులోనే తిరిగి నింపే బాధ్యత ఒకరి పేరు మీద ఉండాలి. ఇంకొకటి చెప్పాలి. ఇటువంటి కార్యక్రమాలు ఒక డాక్టరు గారి ఉత్సాహం మీద నడుస్తాయి, ఆయన వేరే ఉద్యోగానికి వెళ్లిన నెలకే ఫారాలు నింపడం ఆగిపోతుంది. డ్యూటీ డాక్టర్లు మారిపోతారు, వార్డులో మిగిలేది మేమే. శిక్షణ మాకు ఇవ్వండి. బీపీ, శ్వాస రేటు చూసి సెప్సిస్ అలర్టు పిలిచే అధికారం కూడా ఇవ్వండి.

కమ్యూనిటీ మెడిసిన్ అధ్యాపకురాలు, పెదవాల్తేరు:

సిస్టర్ గారి మాటకు నా ఓటు. ఫలితాలు కొలిచేటప్పుడు ఒక జాగ్రత్త. ఆగస్టు మరణాలను శిక్షణ తరువాతి జనవరితో పోల్చి ‘తగ్గాయి’ అనకండి, ఋతువును బట్టి వచ్చే జబ్బులే వేరు. పైగా అలర్టు పెట్టగానే తేలికపాటి కేసులు కూడా సెప్సిస్ పేరుతో నమోదవుతాయి. ఎవరి ప్రాణమూ అదనంగా నిలబడకుండానే మరణాల శాతం పడిపోతుంది. షాక్ రోగులను వేరుగా లెక్కించి, వారం వారం గీత గీసి ఏడాది పొడవునా చూడండి. అనవసరంగా మొదలై 48 గంటల్లో ఆపిన యాంటీబయాటిక్‌లు ఎన్నో, సెలైన్ ఎక్కువై ఊపిరితిత్తుల్లో నీరు చేరినవారు ఎందరో కూడా ఆ పక్కనే రాయండి. జాంబియాలో 2017లో వెలువడిన పరీక్షలో, ప్రోటోకాల్ ప్రకారం సెలైన్ ముందుగా, ఎక్కువగా ఎక్కించిన వర్గంలో 48 శాతం మంది చనిపోయారు. మామూలు వైద్యం అందినవారిలో 33 శాతం.

ఐసీయూ వైద్యుడు, మహారాణిపేట:

జాంబియా రోగుల్లో అత్యధికులకు హెచ్ఐవీ ఉంది, ఐసీయూ సౌకర్యమూ తక్కువే. ఆ ఫలితాన్ని నేరుగా మనకు అతికించలేం. అయినా సెలైన్ ఎక్కిస్తూ మధ్యమధ్య రోగిని పరీక్షించాలన్న షరతు చేర్చుతాను. ట్రే గురించి సోమవారమే ఫార్మసీతో మాట్లాడతాను. మూడు గంటల దగ్గర మాత్రం నా మాట మారలేదు.

మైక్రోబయాలజిస్ట్, ఎంవీపీ కాలనీ:

అయితే గంట నిండగానే ఆ రోగిని మళ్లీ చూసేది ఎవరో పేరు రాయండి. ఆ పేరు కేస్ షీటులో కనిపిస్తే మూడు గంటలు ఐదు కావు.