ఐవీఎఫ్ నిలవలేదు, మళ్ళీ వెళ్ళేలోపు ఏం చేయాలి?

ప్రశ్న (కావలి నుంచి):
మాఘమాసంలో నెల్లూరులో ఐవీఎఫ్ (టెస్ట్‌ట్యూబ్ బేబీ చికిత్స) చేయించుకున్నాం. గర్భం వచ్చిందో లేదో చూసే బీటా హెచ్‌సీజీ రక్తపరీక్ష నెగటివ్ వచ్చింది. ఫ్రీజ్ చేసిన ఎంబ్రియోలు (పిండాలు) ఏమీ మిగల్లేదు, మళ్ళీ ఇంజెక్షన్ల దగ్గర నుంచి మొదలుపెట్టాలి. నాకు 34 ఏళ్ళు. మా ఆయన చీమకుర్తి నుంచి కృష్ణపట్నం పోర్టుకి గ్రానైట్ లారీ తోలతాడు. అత్తమ్మ వచ్చే నెలే పొమ్మంటోంది, అమ్మేమో ఏడాది ఆగమంటోంది. ఎంబ్రియో పెట్టాక బస్సులో ఇంటికొచ్చాను, అందుకే నిలవలేదని చుట్టాలు అంటుంటే తట్టుకోలేకపోతున్నాను.

జవాబు (ఒంగోలు నుంచి):
చెల్లీ, ముందు ఆ బస్సు సంగతి మనసులోంచి తీసేయ్. మంచం దిగకుండా ఉంటే ఎక్కువ నిలుస్తుందని పరిశోధనల్లో తేలలేదు. నాకూ మొదట నిలవలేదు, ఇప్పుడు పాప బడికి పోతోంది.

ఆసుపత్రిలో సమ్మరీ కాగితం అడిగి తీసుకో. ఎన్ని అండాలు తీశారు, ఎన్ని ఫలదీకరణ చెందాయి, ఐదో రోజుకి బ్లాస్టోసిస్ట్ (బాగా ఎదిగిన పిండం) దాకా ఎన్ని వచ్చాయి, వాటి నాణ్యత గ్రేడ్ ఏంటి, గర్భాశయం పొర ఎంత మందం ఉంది, అన్నీ రాసివ్వమను. ఇబ్బంది ఎక్కడుందో డాక్టర్ ఆలోచించేది దాన్ని చూసే. ఆసుపత్రి మారినా అదే పనికొస్తుంది.

ఇక మీ ఆయన. వీర్యకణం తయారవడానికి సుమారు 70 నుంచి 75 రోజులు పడుతుంది. క్యాబిన్ వేడి, గంటలకొద్దీ కూర్చోవడం, ఖైనీ, బీడీ, అన్నీ దాని మీద పడతాయి. ఇవాళ మానేస్తే ఫలితం కనిపించేది మూడు నెలలకి. నీకు ఫ్రీజ్ చేసినవి ఉంటే వేరే మాట. లేవు కాబట్టి నేనైతే ఏడాదీ ఆగను, వచ్చే నెలా పోను, మూడు నెలలు చూస్తాను. డాక్టర్‌తో మాట్లాడి తేల్చుకో. మానుకోవాల్సినవన్నీ ఆడవాళ్ళకే చెప్తారు, నా బాధ అదే.

జవాబు (కందుకూరు, నర్సుని):
థైరాయిడ్, షుగర్ ఈలోపే చూపించుకోండి. ఫోలిక్ యాసిడ్ ఆపొద్దు. ట్రిగ్గర్ ఇంజెక్షన్ (అండాలు పక్వానికి రావడానికి ఆఖర్న వేసేది) మాత్రం చెప్పిన టైముకే పడాలి, అండాలు తీసేది దాదాపు 36 గంటలకి. అది రాత్రిపూటే ఉంటుంది ఎక్కువగా. కావలిలో ఆ వేళకి ఎవరు వేస్తారో ముందే మాట్లాడుకోండి.

కావలి నుంచి:
ఖైనీ ఉంది అక్కా. చదివి వినిపిస్తే డబ్బా నా చేతికిచ్చాడు. రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువులో సంతాన రొట్టె పట్టుకుందామని అత్తమ్మ అంటోంది. అప్పటికి మందులు మొదలైతే పోవచ్చా?

నర్సు:
ఇంజెక్షన్లతో అండాశయాలు ఉబ్బి ఉంటాయమ్మా, ఆ తోపులాటలోకి వద్దు. అండాలు తీశాక కొన్నాళ్ళు చెరువు నీళ్ళలో దిగకూడదు. మీ తరఫున అత్తమ్మని పట్టుకోమనండి.