పుస్తకం చదవకుండా వచ్చేవాళ్ళని పుస్తక సమావేశానికి రానివ్వాలా?

సింహాచలం_సంపెంగ (నిర్వాహకురాలు):
అందరికీ నమస్కారం. కొత్తగా చేరినవాళ్ళ కోసం ముందు రెండు ముక్కలు. ఆంధ్రా యూనివర్సిటీలో చదువుకున్నవాళ్ళం కొందరం మూడేళ్ళుగా విశాఖలో నెలకోసారి, రెండో ఆదివారం, ఒక పుస్తకం అనుకుని కలుస్తున్నాం. కిందటి నెల రావిశాస్త్రిగారి నవల 'అల్పజీవి' అనుకున్నాం. ఎమ్వీపీ కాలనీలో అపార్టుమెంటు హాలు, అద్దె 1,500. వచ్చినవాళ్ళు 19 మంది. పుస్తకం పూర్తిగా చదివినవాళ్ళు ఐదుగురు. సగందాకా వచ్చినవాళ్ళు ముగ్గురు. మిగతావాళ్ళు పుస్తకం మొహం చూడలేదు.

నా ప్రతిపాదన ఇది. ఇకమీదట నెలవారీ సమావేశానికి రావాలంటే కనీసం సగం పుస్తకం చదివి ఉండడం అర్హత. ఊరికే కలుసుకోవడానికి వేరే రోజులు పెట్టుకుందాం: కార్తీకంలో వనభోజనం, సంక్రాంతి వెళ్ళాక ఇంకొకటి. రెండూ కలిపితే రెండూ పాడవుతున్నాయి. మీ మాట చెప్పండి.

మద్దిలపాలెం_మిత్రుడు:
అమ్మా, మీరు పడే శ్రమ నాకు తెలుసు, దానికి దణ్ణం. కానీ "అర్హత" అనే మాట చూసి మనసు చివుక్కుమంది. ఇదేమన్నా ఉద్యోగానికి దరఖాస్తా? 1981లో ఫిజిక్సు ఎమ్మెస్సీలో చేరేటప్పుడు అర్హత అడిగారు, చూపించాను. అరవై ఏడేళ్ళొచ్చాక స్నేహితుల దగ్గర కూర్చోడానికి మళ్ళీ చూపించాలా? ఆ మాట తీసేయండి, తర్వాత మాట్లాడుకుందాం.

తపాలా_విద్యార్థి:
నేను ప్రతిపాదన వైపే. నన్నడిగితే సగం కూడా చాలదు, మొత్తం చదవాలి.

విజయనగరం నుంచి పొద్దున్నే బస్సెక్కి వస్తాను. కిందటిసారి గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను కాబట్టి లెక్క చెప్పగలను. పది గంటలకి మొదలన్నారు. 10:50 దాకా హాస్టల్ మెస్సు, సాంబారు, వార్డెను, రాత్రి గోడ దూకి సెకండ్ షోకి వెళ్ళడం. పుస్తకం పేరు మొదటిసారి వినబడింది 10:50కి. 11:20కి మిరపకాయ బజ్జీలొచ్చాయి, అందరూ లేచారు. ఒక నవలకి మనమిచ్చింది అరగంట. ఆ అరగంటలో కూడా ఇద్దరు ఫోనులో మనవల ఫొటోలు చూపించుకున్నారు.

నార్త్_క్యాంపస్_94:
హైదరాబాదులో ఉన్నాం, జూమ్ లింకు ఇస్తే మేమూ వస్తాం కదా. ఎన్నిసార్లు అడిగాను.

మద్దిలపాలెం_మిత్రుడు:
మాస్టారూ, 10:50 కాదు, 10:35. పుస్తకం మాట ఎత్తింది నేనే. "రావిశాస్త్రి గారు మన ఊరి వకీలు కదా" అన్నాను.

తపాలా_విద్యార్థి:
వకీలు అన్నారు. పుస్తకంలో ఏముందో అనలేదు.

మద్దిలపాలెం_మిత్రుడు:
అయినా 10:35.

ఉప్పుగాలి:
బజ్జీల డబ్బులు ఇంకా నలుగురు ఇవ్వాలి. మనిషికి 60.

చినవాల్తేరు_చిన్నది:
నేను 2015 బ్యాచ్, అందరికన్నా చిన్నదాన్ని, తప్పుగా అనుకోవద్దు. మేం పదిమందిమి ఇంకో చోట ఇలాగే కూర్చుంటాం. మాక్కూడా ఇదే తంటా వచ్చింది. నవలలు మానేసి పది పేజీల లోపు కథలు పట్టుకున్నాం. చాసో కథలైతే మరీ బాగుంటాయి, కొన్ని నాలుగైదు పేజీలే. వచ్చాక ఒకరు పైకి చదువుతారు, ఇరవై నిమిషాలు. అందరూ చదివినట్టే అవుతుంది. పుస్తకం దొరకలేదు, కళ్ళద్దాలు మర్చిపోయాను అన్న మాటే ఉండదు. నవల కావాలంటే మూడు నెలలకొకటి, ఆరు వారాల ముందే పేరు చెప్పి, ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో ప్రతి ఉందో లేదో చూసుకుని పెట్టుకోవచ్చు. కిందటి నెల పుస్తకం పేరు చెప్పింది పద్దెనిమిది రోజుల ముందు. ఉద్యోగాలు చేసేవాళ్ళకి అది చాలదండీ.

సింహాచలం_సంపెంగ:
పద్దెనిమిది రోజులన్నది నిజమే. ఆ తప్పు నాది.

మద్దిలపాలెం_మిత్రుడు:
చిన్నమ్మాయి చెప్పింది బంగారంలాంటి మాట. పైకి చదివితే నేనూ వింటాను. అర్హత గొడవే ఉండదు.

తపాలా_విద్యార్థి:
నేను ఒప్పుకోను. చెవిన పడ్డ కథ వేరు, ఒంటరిగా కూర్చుని రెండుసార్లు చదివిన కథ వేరు. 'అల్పజీవి'లో సుబ్బయ్య ఆ గవరయ్య ముందు ఎలా ముడుచుకుపోతాడో మొదటిసారి చదివినప్పుడు నాకు కోపమొచ్చింది. రెండోసారి చదివితే సిగ్గేసింది, ఎందుకంటే నేనూ ఒక హెడ్‌మాస్టరు ముందు అలాగే నిలబడ్డాను. ఆ రెండోసారి అనేది పైకి చదివితే రాదు. మొత్తం చదివి, చీటీలు పెట్టుకుని, ఏడు ప్రశ్నలు రాసుకుని వచ్చాను. నాలుగింటికి సమాధానమే లేదు.

మద్దిలపాలెం_మిత్రుడు:
ఆ ఏడు ప్రశ్నల సంగతి కూడా చెప్పండి మాస్టారూ. నాలుగోది నన్నే అడిగారు, పేరు పెట్టి, పందొమ్మిది మందిలో. నేను చదవలేదని మీకు తెలుసు. అయినా అడిగారు. బడిలో పిల్లాణ్ణి బెంచీ ఎక్కించినట్టు. ఆ రోజు ఇంటికెళ్ళాక అన్నం సయించలేదు.

తపాలా_విద్యార్థి:
తెలిసి అడగలేదు. తెలిసి అడిగానని మీరెలా అంటారు?

మద్దిలపాలెం_మిత్రుడు:
నవ్వుతూ అడిగారు కాబట్టి. చూడండి, ఉన్న మాట చెప్తాను. క్యాంపస్‌లో రెండేళ్ళు బతికినవాడికి ఆ సాంబారు కబుర్ల విలువ తెలుస్తుంది. మీరు క్యాంపస్‌లో చదవలేదు. అందుకే మా కబుర్లు మీకు కాలక్షేపంలా కనబడతాయి.

ఉప్పుగాలి:
అన్నా, ఆ మాట అనాల్సింది కాదు.

నార్త్_క్యాంపస్_94:
బెజవాడలో పుట్టి నాలుగేళ్ళకి వాల్తేరు చేరిన యూనివర్సిటీ అండీ మనది. ఎవరు ఎక్కడ కూర్చుని చదివారన్న గొడవ దేనికి?

తపాలా_విద్యార్థి:
కాదు, అననివ్వండి. మంచిదే అయింది. మూడేళ్ళుగా ఈ మాట ఎవరైనా పైకి అంటారేమోనని ఎదురు చూస్తున్నాను.

నేను తపాలాలో చదువుకున్నవాణ్ణి. యూనివర్సిటీ 1972లోనే ఉత్తరాల ద్వారా చదువు మొదలుపెట్టింది కాబట్టే నాలాంటివాడికి తెలుగు ఎమ్మే అందింది. అప్పటికే ఒక పల్లెటూరి బళ్ళో ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. పాఠాలు గోధుమరంగు కవర్లో వచ్చేవి. పోస్టుమేను బడి గుమ్మం దగ్గరే ఇచ్చేవాడు. పిల్లలు చూస్తారని సొరుగులో పెట్టి తాళం వేసేవాణ్ణి, అయ్యవారే ఇంకా చదువుకుంటున్నారని నవ్వుతారేమోనని భయం. రాత్రి పదిన్నర దాటాక తీసేవాణ్ణి. ప్రబంధం మీద సందేహమొస్తే అడగడానికి పక్క మంచం మీద స్నేహితుడు లేడు. పక్క మంచం మీద నిద్రపోతున్న పిల్లలున్నారు.

కాంటాక్టు క్లాసులకి పదిరోజులు వాల్తేరు వచ్చాను. జ్ఞానాపురంలో చుట్టాలింట్లో దిగి రోజూ నడిచి వెళ్ళాను. నా యూనివర్సిటీ ఆ పదిరోజులే. హాస్టల్ మెట్టెక్కలేదు. మీ వార్డెను ఎవరో నాకు తెలీదు. మీరు "సాంబారు" అనగానే పదిమంది నవ్వుతారు, నేనూ నవ్వుతున్నట్టు మొహం పెడతాను. యాభై నిమిషాలపాటు అలా మొహం పెట్టుకుని కూర్చోడం ఎలా ఉంటుందో మీకెవరికైనా తెలుసా?

పుస్తకం తెరిచాకే నేను మీతో సమానంగా కూర్చోగలను. అక్కడ ఎవరు ఏ గదిలో ఉన్నారో అక్కర్లేదు. అందుకే పుస్తకం పుస్తకం అని గోల పెడుతున్నాను. చదవనివాళ్ళ మీద కోపంతో కాదు.

చినవాల్తేరు_చిన్నది:
మాస్టారూ, మీ పక్కనే కూర్చున్నాను ఆ రోజు. నాకు తెలీలేదు.

ఉప్పుగాలి:
నేనూ కరస్పాండెన్సే. బీకాం. మూడేళ్ళలో ఒక్కరికీ చెప్పలేదు. ఎవరైనా ఏ హాస్టలని అడిగితే ఇంటి నుంచి వచ్చేవాణ్ణని అనేవాణ్ణి. అబద్ధం కాదు కదా.

మద్దిలపాలెం_మిత్రుడు:
నిన్న రాత్రి ఇది చదివి జవాబు రాయలేకపోయాను. ఇప్పుడు రాస్తున్నాను.

మాస్టారూ, క్యాంపస్‌లో చదవలేదన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. అనకూడదు. మిమ్మల్ని ఏ రోజూ ఏ బ్యాచని అడగలేదు, అదీ తప్పే. అడిగితే మీరు ఎలా నవ్వుతున్నారో తెలిసేది.

కానీ నియమం మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను, ఎందుకో చెప్తాను. మా గదిలో నలుగురం. ఇద్దరు పోయారు. ఒకాయన అమెరికాలో కొడుకు దగ్గర ఉన్నాడు, ఫోనులో సరిగ్గా వినబడదు. ఇంట్లో నేనొక్కణ్ణే, మా ఆవిడ పోయి ఏడాదిన్నర. పుస్తకం పట్టుకుంటే అయిదో పేజీ దాటదు. అవే అక్షరాలు మళ్ళీ మళ్ళీ చదువుతున్నానని తెలుస్తుంది. చదవాలని మనసు లేక కాదు. నెలలో ఆ ఒక్క ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని బయటికెళ్తాను. అర్హత అంటే ఆ ఆదివారం కూడా పోతుంది. వనభోజనానికి రమ్మంటారు, సరే, అది ఏడాదికోసారి.

తపాలా_విద్యార్థి:
నాలుగో ప్రశ్న మిమ్మల్ని అడగకుండా ఉండాల్సింది. చదవలేదని నాకు అనుమానం ఉంది. అడిగాను.

సింహాచలం_సంపెంగ:
అర్హత అనే మాట తీసేస్తున్నాను. వచ్చే నెల ఇలా చేద్దాం. కథే పెట్టుకుందాం, పైకి చదువుదాం. ముందే చదివి వచ్చేవాళ్ళకి ఇప్పుడే పేరు పంపిస్తాను, ఆరు వారాలుంది. పదింటికి కథ మొదలు, పదకొండుంబావు దాకా వేరే మాట వద్దు. ఆ తర్వాత తిఫిను, కబుర్లు, ఎంతసేపైనా. హాలు ఒంటిగంట దాకా మనదే. కబుర్లలో హాస్టలొక్కటే కాదు, ఎవరు ఎలా చదువుకున్నారో ప్రతిసారీ ఒకరు చెప్పాలి.

మద్దిలపాలెం_మిత్రుడు:
పదకొండుంబావు మరీ ఎక్కువ. పదకొండు.

తపాలా_విద్యార్థి:
పదకొండుంబావే. నేను ఏడింటి బస్సుకి వస్తాను. పది దాటి పావుగంటకి కూడా కథ మొదలుకాకపోతే వచ్చిన బస్సులోనే వెళ్ళిపోతాను, కోపం తెచ్చుకోవద్దు.

మద్దిలపాలెం_మిత్రుడు:
బస్సు దిగాక ఫోను చేయండి. మద్దిలపాలెం నుంచి నేనే తీసుకొస్తాను. దారిలో హాస్టల్ మాట ఎత్తను.

నార్త్_క్యాంపస్_94:
జూమ్ లింకు?

సింహాచలం_సంపెంగ:
ఈసారి ఇస్తాను, మాట.

ఉప్పుగాలి:
వనభోజనానికి ఉసిరి చెట్టున్న తోట ఒకటి తెలుసు, భీమిలి రోడ్డులో. ఆదివారం వెళ్ళి అడిగొస్తా. బజ్జీల డబ్బులు ఇంకా ముగ్గురు ఇవ్వాలి.