కోగుర్యో సమాధి చిత్రాలను దైనందిన జీవితానికి సాక్ష్యంగా తీసుకోవచ్చా?

చర్చాంశం:
నేటి ఉత్తర కొరియా, ఈశాన్య చైనాల్లో విస్తరించిన ప్రాచీన కొరియా రాజ్యం కోగుర్యో సమాధుల గోడలపై ఉన్న చిత్రాలు ఆనాటి వేషధారణను, ఇంటి జీవితాన్ని ఉన్నదున్నట్టుగా చూపుతున్నాయని నా అభిప్రాయం. ఉత్తర కొరియాలోని అనక్ మూడవ సమాధిలో ఆవిరిపై వంట చేస్తున్న స్త్రీ, పొయ్యి ఎగదోస్తున్న మరొక స్త్రీ, కొక్కేలకు వేలాడే మాంసం, బావి, పశువుల కొట్టం, కాలితో తొక్కి ధాన్యం దంచే రోకలి కనిపిస్తాయి. కళ్ళారా చూడనివారు ఇంత వివరంగా గీయగలరా?

మొదటి సమాధానం:
గీయగలరు, ఎందుకంటే ఏమేమి గీయాలో అప్పటికే ఒక సంప్రదాయంగా స్థిరపడి ఉంది. వంటశాల, బావి, బండ్లు, తెరల మధ్య ఆసీనుడైన యజమాని అంతకు ముందే హాన్ వంశ కాలపు చైనా సమాధుల్లోనూ, ఈశాన్య చైనాలోని లియావోయాంగ్ ప్రాంతపు సమాధుల్లోనూ ఉన్నాయి. పైగా అనక్ సమాధిలోని రాత, ఈశాన్య చైనాలోని పూర్వ యాన్ రాజ్యం నుంచి పారిపోయి వచ్చి 357లో మరణించిన దోంగ్ షౌ అనే అధికారిని పేర్కొంటుంది. సమాధి ఆయనదేనని అనేకులు, కాదు, కోగుర్యో రాజుదని ఉత్తర కొరియా పండితులు వాదిస్తారు. ఎవరిదైనా, పరలోకంలోనూ ఏ కొరతా ఉండకూడదనుకున్న గొప్పింటి చిత్రమే అది. యజమానిని పెద్దగా, సేవకులను చిన్నగా గీసిన చోట సామాన్యుల జీవితం కొలతకు దొరకదు. వంటవారు ఆ గోడ మీదికి ఎక్కింది ఆయనకు వండిపెట్టడానికే.

రెండవ సమాధానం:
వంటశాల విషయంలో మీ అభ్యంతరాన్ని అంగీకరిస్తాను, కానీ దుస్తులను అదే గాటన కట్టడం సరికాదు. చైనాలోని జీఆన్‌లో ఉన్న 5వ శతాబ్దపు నర్తకుల సమాధిలో తుంటి దాకా వచ్చే పైచొక్కా, నడుముకు పట్టీ, మెడ చుట్టూ, చేతుల చివర, అంచు పొడవునా వేరే రంగు గుడ్డ, చుక్కల బట్ట, మడతల పావడా కనిపిస్తాయి. ఇవి చైనా చిత్రసంప్రదాయం నుంచి అరువు తెచ్చుకున్నవి కావు. కోగుర్యోవారు టోపీలకు ఈకలు పెట్టుకునేవారని చైనా చరిత్ర గ్రంథాలు రాశాయి. ఈ సమాధిలోని వేటగాళ్ళ తలలపై అవే ఈకలున్నాయి. మధ్య ఆసియాలోని సమర్కండ్‌లో, అఫ్రాసియాబ్ అనే ప్రాచీన నగర శిథిలాల్లో దొరికిన 7వ శతాబ్దపు గోడచిత్రంలో ఈకల టోపీలతో నిలబడిన ఇద్దరు దూతలు కొరియావారేనని చాలామంది పండితుల అభిప్రాయం. చిత్రకారులు వేరు, దేశం వేరు, అయినా వేషం సరిపోలుతోంది. నన్ను ఒప్పించేది ఈ సాక్ష్యమే.

మొదటి సమాధానమిచ్చినవారు:
ఈకల టోపీ విషయంలో ఒప్పుకుంటున్నాను. అయితే ఆ టోపీ అధికారులది, ఆ చుక్కల బట్ట కొలువులో ఉన్నవారిది. పొలంలో పనిచేసేవారు ఏమి తొడిగేవారో ఈ గోడలు చెప్పవు. 6వ శతాబ్దానికి వచ్చేసరికి చాలా సమాధుల్లో నలుదిక్కులను కాచే పౌరాణిక జంతువులే గోడలను ఆక్రమించాయి కనుక, తరువాతి కాలపు దుస్తులకు ఈ ఆధారం కూడా పలచబడుతుంది.