అప్‌డేట్: స్కాన్‌కు ముందు నొప్పి ఇంజెక్షన్ ఇవ్వచ్చా అని అడిగాను కదా

నాన్నగారికి నడుము నుంచి గజ్జల దాకా ఒకటే నొప్పి, ఇంజెక్షన్ చేస్తే జబ్బు బయటపడదని బంధువులు ఆపుతున్నారని రాశాను. ఎమర్జెన్సీలో డాక్టరమ్మ ఆ మాట కొట్టిపారేశారు. నొప్పి తగ్గితే మనిషి కదలకుండా పడుకుంటాడు, పొట్ట నొక్కి చూడటం ఇంకా తేలికట.

సున్నా నుంచి పదిలో ఎంత నొప్పి అని నర్సు అడిగితే నాన్న "పదిహేను" అన్నారు! కిడ్నీ రాయి నొప్పికి (వాళ్ల అనుమానం అదే) మామూలుగా ముందు డైక్లోఫెనాక్ అనే నొప్పి మందే ఇస్తారట. కానీ పాత రిపోర్టులో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎక్కువుంది, ఆ మందు కిడ్నీకి మంచిది కాదని మానేశారు. పొద్దున ఇంట్లో వేసిన డోలో 650 (అదీ పారాసెటమాలే) ఎప్పుడు వేశామో అడిగి, రోజు మోతాదులో లెక్కేసుకుని, 1 గ్రాము పారాసెటమాల్ 15 నిమిషాల్లో ఎక్కించారు. సగమే తగ్గింది. తర్వాత ఇంకా బలమైన నొప్పి మందు ట్రమడాల్ సెలైన్‌లో కలిపి నెమ్మదిగా, వాంతి రాకుండా ఆన్‌డాన్‌సెట్రాన్ తోడుగా. అప్పటిదాకా మంచం పట్టె పట్టుకుని మెలికలు తిరిగిన మనిషి, కాఫీ ఏదన్నారు. (ఇవ్వలేదు లెండి, స్కాన్ ఉందిగా.)

సీటీ స్కాన్‌లో యురేటర్‌లో (కిడ్నీ నుంచి మూత్రాశయానికి వెళ్లే గొట్టం) 6 మి.మీ. రాయి కనిపించింది. సోమవారం యూరాలజిస్టు దగ్గరికి వెళ్తున్నాం. ఎమర్జెన్సీకి వెళ్లేటప్పుడు పాత రిపోర్టులు, వాడే మాత్రల చీటీ మాత్రం మర్చిపోకండి. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.