బేస్‌బాల్ చరిత్రలో అందరికంటే ఎక్కువ ద్వేషానికి గురైన ఆటగాడు ఎవరు?

ప్రశ్న: వైట్‌ఫీల్డ్, బెంగళూరు

మిత్రులకు నమస్కారం. బెంగళూరులో అమెరికా సంస్థలకు పనిచేస్తున్న మనలో కొందరికి క్రికెట్‌తో పాటు బేస్‌బాల్ కూడా కొద్దోగొప్పో అలవాటైంది. అక్కడి రాత్రి ఆటలు మనకు తెల్లవారుజామున వస్తాయి కనుక, కాఫీ తాగుతూ చూసేవారూ ఉన్నారు. ఆ ఆట చరిత్రలో జనం అందరికంటే ఎక్కువగా అసహ్యించుకున్న ఆటగాడు ఎవరనే విషయంపై మా బృందంలో ఈమధ్య వాదన లేచింది. ఒకరు నిషిద్ధ మందులు వాడాడన్న ఆరోపణలున్న బ్యారీ బాండ్స్ అన్నారు. వయసులో పెద్దవారొకరు వందేళ్ల కిందటి డెట్రాయిట్ జట్టు ఆటగాడు టై కాబ్ పేరు తప్ప మరో పేరు ఎత్తనివ్వలేదు.

నా ఓటు మాత్రం అలెక్స్ రోడ్రిగెజ్‌కే. 2000 డిసెంబరులో టెక్సస్ రేంజర్స్ జట్టుతో పదేళ్లకు 25.2 కోట్ల డాలర్ల ఒప్పందం కుదుర్చుకున్ననాడే ఆయనపై అసూయ మొదలైంది. అక్కడ ఆడిన కాలంలో నిషిద్ధ మందులు వాడినట్లు 2009లో ఒప్పుకొని, ఇక ఆ తప్పు చేయనని నమ్మించి, మళ్లీ అదే వ్యవహారంలో చిక్కుకుని 2014 సీజన్ మొత్తానికి నిషేధం పొందారు. ఒకసారి క్షమించినవారిని రెండోసారి మోసగించడం కంటే పెద్ద కారణం ఏముంటుంది? మీ అభిప్రాయాలను ఆధారాలతో చెప్పగలరు.

సమాధానం: జయనగర్, బెంగళూరు

మీ బృందంలోని పెద్దాయన మాటే నా మాట, అయితే ఆయన చెప్పి ఉండగల కారణాలు వేరు, నావి వేరు. కాబ్ తన బూట్ల కింది మేకులకు పదును పెట్టుకునేవాడనీ, మనుషులను చంపాడనీ చెప్పే కథల్లో చాలావాటికి ఆధారాలు లేవని తర్వాతి పరిశోధకులు తేల్చారు కనుక వాటిని పక్కన పెడదాం. 1912 మే నెలలో న్యూయార్క్‌లో తనను తిడుతున్న ప్రేక్షకుడిపైకి గ్యాలరీలోకి ఎక్కి వెళ్లి, ఆ మనిషికి ఒక చేయి పూర్తిగానూ రెండో చేతికి మూడు వేళ్లూ లేకపోయినా చితకబాదిన సంగతి మాత్రం నిజమే. అయినా ఆయనను సస్పెండ్ చేస్తే, నిషేధం ఎత్తివేయకపోతే మైదానంలోకి దిగబోమని సహచరులు భీష్మించుకున్నారు. డెట్రాయిట్ యాజమాన్యం దొరికినవారినందరినీ పోగుచేసి ఒక ఆట ఆడించగా, 24-2 తేడాతో ఫిలడెల్ఫియా చేతిలో చిత్తయింది. కాబట్టి ఈ సంఘటనను ద్వేషానికి రుజువుగా చూపడం కష్టం.

అసలు రుజువు 1910 నాటిది. ఆ ఏడాది అత్యధిక బ్యాటింగ్ సగటు సాధించినవారికి చామర్స్ కంపెనీ కారు బహుమతిగా ఇస్తానంది. క్లీవ్‌లాండ్ ఆటగాడు నాప్ లాజువే, కాబ్‌తో హోరాహోరీగా పోటీపడుతున్నాడు. కాబ్ తన ఆధిక్యం చెదరకుండా చివరి ఆటలకు దూరంగా కూర్చున్నాడు. సీజన్ ఆఖరి రోజున క్లీవ్‌లాండ్‌తో తలపడిన సెయింట్ లూయిస్ జట్టు మేనేజర్ జాక్ ఓకానర్, కాబ్‌కు ఆ కారు దక్కకూడదన్న పంతంతో, మూడో బేస్ దగ్గర కాపలా కాసే కుర్రవాడిని బాగా వెనక్కు జరిగి నిలబడమన్నాడు. లాజువే బంతిని మెల్లగా తట్టి పరుగెత్తితే చాలు, ఆపేవాడు లేడు. రెండు ఆటల్లో కలిపి ఎనిమిది హిట్లు వచ్చాయి, వాటిలో ఎక్కువ భాగం ఈ మెల్లని తట్టుళ్లే. ఓకానర్ ఉద్యోగం ఊడింది, కంపెనీ ఇద్దరికీ చెరో కారు ఇచ్చి చేతులు దులుపుకుంది. ప్రేక్షకులు ఎగతాళి చేయడం ఎవరికైనా జరుగుతుంది. తమకు ఏమాత్రం సంబంధం లేని పందెంలో ఒక మనిషి ఓడిపోవాలని ప్రత్యర్థి జట్టు తన పరువునే పణంగా పెట్టడం నేను మరెక్కడా చూడలేదు.

సమాధానం: వేళచ్చేరి, చెన్నై

జయనగర్ వారు చెప్పింది చదవడానికి రుచిగా ఉంది గానీ, 1936లో హాల్ ఆఫ్ ఫేమ్‌కు (మేటి ఆటగాళ్లను గౌరవించే సంస్థకు) జరిగిన తొలి ఎన్నికలో 226 మంది ఓటర్లలో 222 మంది కాబ్‌కే వేశారండి. బేబ్ రూత్‌కు కూడా 215 ఓట్లే వచ్చాయి. బ్యారీ బాండ్స్ సంగతి చూడండి: 762 హోమ్‌రన్లు (మన సిక్సర్ల లాంటివి), ఏడుసార్లు లీగ్ ఉత్తమ ఆటగాడి పురస్కారం, అయినా పత్రికా రచయితల బ్యాలట్‌లో చివరి అవకాశమైన 2022లో కావలసిన 75 శాతానికి గాను 66 శాతం మాత్రమే దక్కింది. 2007లో ఆయన హ్యాంక్ ఆరన్ హోమ్‌రన్ల రికార్డును దాటిన 756వ హోమ్‌రన్ బంతిని కొన్న వ్యాపారి, దాన్ని ఏం చేయాలో ఇంటర్నెట్‌లో ప్రజలనే అడిగాడు. రికార్డు అనుమానాస్పదమని తెలిపే నక్షత్రపు గుర్తును దానిపై ముద్రించమని వారు ఓటు వేశారు. ఆ బంతి ఆ గుర్తుతోనే హాల్ ఆఫ్ ఫేమ్ మ్యూజియానికి చేరింది.

అయితే ఒక మాట చెప్పకపోతే ఈ చర్చ తప్పుదారి పడుతుంది. ద్వేషానికి గురికావడమూ, ద్వేషానికి తగిన పని చేయడమూ ఒకటి కావు. 1973లో 713 హోమ్‌రన్ల దగ్గర సీజన్ ముగించిన హ్యాంక్ ఆరన్, బేబ్ రూత్ రికార్డుకు ఒక్క అడుగు దూరంలో నిలిచిన ఆ శీతకాలమంతా, నల్లజాతి వాడు రూత్‌ను దాటడమేమిటని రాసిన బెదిరింపు ఉత్తరాలు అందుకున్నాడు. ప్రాణభయంతో అంగరక్షకుడిని పెట్టుకోవలసి వచ్చింది. 1961లో 61 హోమ్‌రన్లు కొట్టి రూత్ సీజన్ రికార్డును దాటిన రోజర్ మారిస్ చేసిన నేరమల్లా, న్యూయార్క్ జనం ముద్దుబిడ్డ మికీ మాంటిల్ కాకపోవడమే. సొంత మైదానంలోనే ఆయనను గేలి చేశారు. వచ్చిన ద్వేషాన్ని తూకం వేయడమే మన పని అయితే మొదటి పేరు ఆరన్‌దో, అంతకుముందు 1947లో నల్లజాతివారికి మూసి ఉన్న పెద్ద లీగ్‌లో అడుగుపెట్టిన జాకీ రాబిన్సన్‌దో రావాలి. అది మీ బృందానికి సమ్మతమేనా?

సమాధానం: మారతహళ్లి, బెంగళూరు

వేళచ్చేరి గారి ప్రశ్న సరైనదే, కానీ బాండ్స్ విషయంలో వారు ఒకటి వదిలేశారు. దేశమంతా ఈసడించిన ఆ మనిషికి శాన్ ఫ్రాన్సిస్కోలో మాత్రం చివరివరకూ చప్పట్లే దక్కాయి. 2018లో ఆ జట్టు ఆయన 25వ నంబరు చొక్కాను ఇక ఎవరికీ ఇవ్వకుండా గౌరవించింది. ఇది తెలుగువారికి చెప్పి ఒప్పించవలసిన సంగతి కాదు. 2018లో కేప్‌టౌన్‌లో బంతిని గరుకు కాగితంతో రుద్దించిన వ్యవహారంలో డేవిడ్ వార్నర్‌కు పన్నెండు నెలల నిషేధం పడితే, ఇంగ్లండ్‌లో ఆయన కనబడితే చాలు ఎగతాళి చేశారు. మనవాళ్లు మాత్రం 2016 ఫైనల్లో మన బెంగళూరు మైదానంలోనే రాయల్ ఛాలెంజర్స్‌ను ఎనిమిది పరుగుల తేడాతో ఓడించి సన్‌రైజర్స్‌కు కప్పు తెచ్చిన కెప్టెన్‌గానే తలచుకున్నారు, 2019లో తిరిగి వచ్చి 692 పరుగులు చేస్తే ఉప్పల్ ఊగిపోయింది. ఆ సీజన్ అంతా నేనూ ఊగినవాడినే.

సొంత ఊరు కూడా వెనకేసుకురాని వాడెవరని అడిగితే, రోడ్రిగెజ్‌కు మార్కులు పెరుగుతాయి. 2004లో న్యూయార్క్ చేరిన ఆయనను, ఆ జట్టు ముద్దుబిడ్డ డెరెక్ జీటర్‌తో పోల్చి చూసే సొంత అభిమానులే ఏళ్ల తరబడి గేలి చేశారు.

ప్రశ్న వేసినవారు:

అందరికీ కృతజ్ఞతలు. ఆరన్, రాబిన్సన్ పేర్లు జాబితాలో చేర్చడానికి నేను వ్యతిరేకిని. వారిపై వచ్చిన ఉత్తరాలు రాసినవారి గుణాన్ని చెబుతాయే గానీ వారి గురించి ఏమీ చెప్పవు. మరి హ్యూస్టన్ ఆస్ట్రోస్ మాటేమిటి? 2017లో ఏ రకం బంతి వేయాలో ప్రత్యర్థి క్యాచర్ చేసే సైగలను కెమెరాతో పట్టి, చెత్తడబ్బాను కొట్టి బ్యాటర్‌కు చేరవేసినట్లు బయటపడ్డాక, 2020 జనవరిలో క్లబ్‌కు 50 లక్షల డాలర్ల జరిమానా పడింది, మేనేజర్‌కు ఏడాది నిషేధం పడింది, నిజం చెప్పినందుకు బదులుగా ఆటగాళ్లలో ఒక్కరికీ శిక్ష పడలేదు.

సమాధానం: జయనగర్, బెంగళూరు

శిక్ష పడకపోవడమే వారికి శాపమైంది. కేప్‌టౌన్ తర్వాత స్మిత్, వార్నర్ ఏడాది పాటు ఇంట్లో కూర్చుని వచ్చారు కనుక కోపానికి ఒక ముగింపు దొరికింది. హ్యూస్టన్ వారి లెక్క ఎవరూ తేల్చలేదు కాబట్టి, ఆ పథకాన్ని తక్కువగా వాడుకున్నాడని చెప్పే ఆ జట్టు ఆటగాడు హోసే అల్తూవే కూడా అడుగుపెట్టిన ప్రతి ఊళ్లోనూ ఏళ్ల తరబడి గోల భరించాడు. అయినా అది ఒక జట్టుపై కోపం, ఒక మనిషిపై కాదు. మీ బృందం పందెం కాసి ఉంటే, కారు కాబ్‌కే ఇవ్వండి.