చెరువు అడుగుమట్టిలో సేంద్రియ పదార్థం ఎక్కడి నుంచి వచ్చిందో ఎలా తేల్చాలి?

ప్రశ్న: చెరువుగట్టు (విజయనగరం)

అందరికీ నమస్కారం. ఎం.ఎస్సీ. ప్రాజెక్టు కోసం విజయనగరం దగ్గరి ఒక చెరువు అడుగుమట్టిని పరీక్షిస్తున్నాను. ఒక వైపు నుంచి ఊరి మురుగు, మరో వైపు నుంచి పొలాల నీరు ఇందులో కలుస్తాయి. ఏడాదిలో ఎక్కువ నెలలు నీరు పచ్చగా ఉంటుంది. సగం చెరువును గుర్రపుడెక్క కమ్మేసింది. పై పొర మట్టిలో కార్బన్–నత్రజని నిష్పత్తి 13 దాకా వచ్చింది. ఈ నిష్పత్తి నాచులో 4 నుంచి 10 వరకు, నేల మొక్కల్లో 20కి పైన ఉంటుందని చదివాను. కాబట్టి కొంత నాచు నుంచి, కొంత పొలాల నుంచి వచ్చిందని రాయవచ్చునా?

జవాబు: నాగావళి తీరం (శ్రీకాకుళం)

ఆ ఒక్క అంకె మీద ఆధారపడి రాయకండమ్మా. నాచు కుళ్ళేటప్పుడు కార్బన్ కంటే నత్రజని ముందుగా విడిపోతుంది కనుక, పొలం నుంచి ఏమీ రాకపోయినా నిష్పత్తి పైకి పోగలదు. బంకమట్టి రేణువులు అమ్మోనియంను పట్టి ఉంచితే అదే నిష్పత్తి కిందికి దిగుతుంది. నత్తగుల్లల సున్నం కూడా కార్బన్ లెక్కలోకి చేరిపోతుంది. ఆ సున్నం పోయేలా నమూనాను ముందుగా సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో శుద్ధి చేశారో లేదో చూసుకోండి.

తరువాత స్థిర ఐసోటోపులు (ఒకే మూలకంలో బరువు తేడా ఉండి, కాలంతో క్షయించని పరమాణు రకాలు) చూడాలి. వరి వంటి మొక్కల్లో కార్బన్-13 విలువ (బరువైన కార్బన్ పాలు ఒక ప్రమాణ పదార్థంలో కంటే ఎంత ఎక్కువో తక్కువో చెప్పే అంకె) వేయికి మైనస్ 27 ప్రాంతంలోనూ, చెరకు, మొక్కజొన్నల్లో మైనస్ 13 ప్రాంతంలోనూ ఉంటుంది. మన జిల్లాల్లో ఈ పంటలన్నీ పండుతాయి కనుక ఈ తేడా ఎంతో ఉపయోగం. అయితే నాచు దట్టంగా పెరిగి నీటిలోని కార్బన్ డయాక్సైడ్ తరిగిపోయినప్పుడు అది బైకార్బనేటును వాడుకుంటుంది. అప్పుడు దాని విలువ కూడా మైనస్ 27 నుంచి పైకి జరిగి చెరకు కలిసినట్లు భ్రమ కలిగిస్తుంది. నత్రజని-15 విషయంలోనూ ఇదే చిక్కు: మురుగు, పేడ కలిస్తే విలువ పెరుగుతుంది, కానీ సున్నాకు దగ్గరి విలువ రసాయన ఎరువు వల్లనూ రావచ్చు, గాలిలోని నత్రజనిని పట్టుకునే నీలి ఆకుపచ్చ నాచు వల్లనూ రావచ్చు.

వీలైతే ఆల్కేన్లు (కార్బన్, హైడ్రోజన్ మాత్రమే ఉండే గొలుసు అణువులు) కూడా చూడండి. నాచులో 17 కార్బన్ల గొలుసు, నీట మునిగి పెరిగే మొక్కల్లో 23, 25 కార్బన్ల గొలుసులు, నేల మొక్కల ఆకు మైనంలో 27 నుంచి 33 వరకు గల బేసి సంఖ్య గొలుసులు ఎక్కువగా కనిపిస్తాయి. గుర్రపుడెక్క మాత్రం గాలి నుంచే కార్బన్ తీసుకుంటుంది కనుక ఐసోటోపులో అది వరితో కలిసిపోతుంది. అందుచేత పుస్తకంలోని విలువలను అరువు తెచ్చుకోకుండా, మీ చెరువు గుర్రపుడెక్కను, వరిగడ్డిని, వడపోసిన నాచును, కాలువ బురదను విడివిడిగా పరీక్షించి, వాటితో మట్టిని పోల్చడం మంచిది.

జవాబు: గోగుచేను (బొబ్బిలి దగ్గర)

పై వివరణకు ఒక స్థానిక విషయం జోడిస్తాను. మన వైపు గోగు కట్టలను నార కోసం చెరువుల్లో ఊరవేసే అలవాటు చాలా కాలంగా ఉంది. ఆ కాడల శిథిలాలు అడుగున పేరుకుంటాయి; మట్టిలో లిగ్నిన్ (మొక్కల కాడలకు గట్టిదనం ఇచ్చే పదార్థం) కనబడగానే అది వానకు పొలం నుంచి కొట్టుకొచ్చిందని అనుకుంటే పొరబాటు కావచ్చు, మనుషులే దాన్ని నేరుగా నీటిలో వేసి ఉండవచ్చు. రెండోది, వేసవిలో చెరువు మట్టిని తవ్వి పొలాలకు తోలుకున్న చోట పొరల వరుస చెదిరిపోతుంది. అక్కడ సీసం-210తో (కాలంతో క్రమంగా తరిగిపోయే రేడియోధార్మిక సీసంతో) పొరల కాలం లెక్కిస్తే ఫలితం నమ్మదగినదిగా ఉండదు. మట్టి నమూనా తీసే గొట్టం దించే ముందే ఊరి పెద్దలను అడిగి, తవ్వని చోటు ఎంచుకోండి.

చెరువుగట్టు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. మా చెరువులో తూర్పు మూలన ఒకప్పుడు గోగు ఊరవేసేవారని మా తాతయ్య చెప్పగా విన్నాను; నా నమూనా సరిగ్గా అక్కడిదే. ఈ వారం మురుగుకాలువ కలిసే చోట, చెరువు నడిమధ్యన, ఆ మూలన మూడు నమూనాలు విడిగా తీసి, గుర్రపుడెక్కను, గోగు కాడలను కూడా పరీక్షకు పంపుతాను.