సద్ది అంటే రాత్రి మిగిలిన అన్నం కాదు

మొన్న ఇక్కడ గుంటూరు అక్క ఒకరు అడిగారు: "మీవాళ్లు సద్ది, సద్ది అంటారు కదా, అది మా చద్దన్నమేనా? మరి బతుకమ్మకు చద్దన్నం పెట్టడమేమిటి?" అని. కింద చాలామంది "చద్దికే తెలంగాణలో సద్ది అంటారు, చ పోయి స వచ్చింది, అంతే" అని జవాబిచ్చారు. అక్షరం వరకు అది నిజమే. చల్లను సల్ల అంటాం, చలిని సలి అంటాం, చేను సేను అయింది, చద్ది సద్ది అయింది. అర్థం మాత్రం అంతటితో తేలదు. నల్లగొండలో ముప్పై ఏళ్లుగా పొద్దున్నే లేచి ఇంట్లోవాళ్లకు సద్ది కడుతున్నాను కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను.

మా ఇళ్లల్లో సద్ది అంటే కట్టుకుపోయేది. చేను కాడికి, బడికి, ఊరికి, జాతరకు, ఎక్కడికైనా సరే, ఇంట్లో వండి వెంట తీసుకుపోయే తిండి సద్ది. అది అన్నమే కావాలని కూడా లేదు. రెండు జొన్న రొట్టెలు, నడుమ ఇంత పుంటికూర (గోంగూర) తొక్కు, ఒక ఉల్లిగడ్డ పెట్టి దస్తీలో చుడితే అదీ సద్దే. నాట్లకు వచ్చినవాళ్లను "సద్ది తెచ్చుకున్నరా?" అని అడిగితే, రాత్రిది తెచ్చుకున్నారా అని కాదు, మధ్యాహ్నానికి తిండి ఉన్నదా అని. రాత్రిది మిగిలితే మేం రాత్రి బువ్వ అంటాం. అది చెడితే పాశిపోయింది అంటాం. ఈ రెంటినీ సద్దితో కలిపితే మా అత్తమ్మ ఊరుకునేది కాదు.

ఇక బతుకమ్మ. పెతరమాస నాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలుపెట్టి తొమ్మిది రోజులు ఆడతాం. అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు, ఇట్లా ఒక్కోరోజు ఒక్కో నైవేద్యం. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు ఏమీ పెట్టం. తొమ్మిదో రోజు, దుర్గాష్టమి నాడు, సద్దుల బతుకమ్మ. ఆ రోజు మా ఇంట్లో ఐదు సద్దులు: పెరుగు సద్ది, చింతపండు పులిహోర, నిమ్మకాయ సద్ది, కొబ్బరి సద్ది, నువ్వుల సద్ది. పొద్దున తలస్నానం చేసి, మడిగా, అప్పటికప్పుడు వండుతాం. ముందురోజుది ఒక్క మెతుకు కూడా కలవదు. సద్ది అంటే మిగిలిపోయినదని అర్థమైతే, ఏడాదికోసారి ఇంటికొచ్చే గౌరమ్మ ముందు ఆ పేరుతో నైవేద్యం పెడతామా? ఆ ఐదు గిన్నెలనూ చెరువుగట్టుకు మోసుకుపోయి, బతుకమ్మను నీళ్లల్లో విడిచి, అక్కడే గట్టు మీద కూర్చుని పంచుకుంటాం. రొట్టెలు నలిపి బెల్లం, నెయ్యి కలిపిన మలీద కూడా ఉంటుంది. ఇంట్లో వండింది వెంట తీసుకుపోయి నీటి ఒడ్డున తింటున్నాం కాబట్టే అవి సద్దులు. 2014లో బతుకమ్మ రాష్ట్ర పండుగ అయ్యాక ఈ మాట టీవీల్లో, పేపర్లలో అన్ని దిక్కులకూ పోయింది. మాట పోయింది గానీ దాని వెంట అర్థం పోలేదు. మా పక్కింట్లోకి బదిలీ మీద వచ్చిన ఒకావిడకు మొదటి ఏడు నేను సద్ది తీసుకుపోయి ఇస్తే, గిన్నె అందుకుంటూనే మెల్లగా "రాత్రిదా అండీ?" అని అడిగింది. ఆమె తప్పేమీ లేదు, ఆమె పెరిగిన దగ్గర ఆ మాటకు అదే అర్థం. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మాట పుట్టుక చూద్దాం. చద్దికి పాత రూపం చల్ది. చల్లన, చలి, చల్లారు, అన్నీ ఆ కుటుంబమే. ల-ద కలిసిన చోట ద-ద అయింది, చల్ది చద్ది అయింది. "చల్లబడిన అన్నం కాబట్టి రాత్రిది" అని అందరూ ఇక్కడే ముగిస్తారు. వంట చేసే మనిషిగా నాకు అక్కడే ఒక సంగతి కనిపిస్తుంది.

పెళ్లయిన కొత్తలో మా ఆయనకు మొదటిసారి డబ్బా కట్టాను. ఆలస్యమవుతుందని టెన్షన్ పడి, పొయ్యి మీది నుంచి దించిన అన్నం దించినట్టే డబ్బాలో నింపి, మీద పప్పు పోసి, మూత బిగించి పంపాను. ఎండాకాలం. మధ్యాహ్నం మూత తీస్తే దాని లోపలివైపు నీళ్లు చుక్కలు కట్టి, అన్నం మీదికి కారి, అంతా జిగట పట్టి వాసన వచ్చిందట. ఆయన తినకుండానే ఇంటికొచ్చాడు. అత్తమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. మర్నాడు పొద్దున నా పక్కన నిలబడి, తాంబాళంలో అన్నం పలుచగా పరిపించింది. చెయ్యి వెనకభాగం అన్నానికి ఆనించి చూసి, "ఇంకా సల్లారలే" అన్నది. చాటతో విసిరించింది. మళ్లీ ఆనించి చూసింది. "వేడి మీద మూట గట్టకు బిడ్డా, సెమట వట్టి పాశిపోతది. సల్లార్చి గడితేనే సద్ది" అన్నది.

సల్లార్చి గడితేనే సద్ది. నా నమ్మకం ఏమిటంటే, చల్దిలో ఉన్న చల్లదనం ఇదే. రాత్రంతా ఉండి చల్లబడ్డది కాదు, మూట కట్టడానికి చల్లార్చింది. పులిహోర కలిపేవాళ్లను అడగండి, అన్నం ఆరకుండా పులుసు కలుపుతారా? కోస్తాలో ఈ మాట రాత్రి అన్నం వైపుకు, తరవాణి (పులిసిన గంజి) వైపుకు పోయింది. మా దగ్గర మూట వైపు నిలబడింది. రెండు చోట్లా చల్లదనం ఉన్నది, కారణమే వేరు.

ఆ మాటకొస్తే కోస్తాలో కూడా పాత అర్థం పూర్తిగా పోలేదు. "పెద్దల మాట చద్దిమూట" అని మీరూ అంటారు కదా. దారిలో ఆకలైనప్పుడు అక్కరకొచ్చేది అనే కదా అక్కడ భావం.

మా దిక్కు సామెత ఇంకొకటుంది: "సద్ది తిన్న రేవు తలవాలె." తలవాలె అంటే తలుచుకోవాలి. రేవు ఎందుకొచ్చిందో ఆలోచించండి. పొద్దున బయల్దేరి నడిచిపోయే మనిషికి మధ్యాహ్నానికి నీళ్లు కావాలి. మూసీ కావచ్చు, డిండి వాగు కావచ్చు, కృష్ణ కావచ్చు, రేవు దొరికితే కాళ్లు చేతులు కడుక్కుని, చెట్టు కింద మూట విప్పుతాడు. నీళ్లు ఇచ్చి, నీడ ఇచ్చి, కూర్చోనిచ్చిన చోటు అది. ఆ చోటును మరిచిపోవద్దు అని సామెత. నిన్నటి అన్నం ఇంట్లో తినే మనిషికి రేవుతో పనేముంది? మా అమ్మ ఈ సామెతను ఊరికే అనేది కాదు. నా చిన్నప్పుడు దేవరకొండ దిక్కు పోతుంటే బస్సు చెడిపోయి, రోడ్డు పక్క ఒక ఇంటి అరుగు మీద కూర్చుని సద్ది తిన్నాం. ఆ ఇంటి ముసలమ్మ అడక్కుండానే చెంబెడు నీళ్లు, గిన్నెడు సల్ల తెచ్చి పెట్టింది. మేము ఎవరమో ఆమెకు తెలియదు. తర్వాత ఎన్నిసార్లు ఆ దారిన పోయినా, ఆ ఊరు రాగానే అమ్మ కిటికీలోంచి ఆ అరుగు వైపు చూసి చేతులు జోడించేది. ఆ ముసలమ్మ పోయాక కూడా.

పోతన భాగవతంలో కృష్ణుడు గోపబాలురతో చల్దులు తినే ఘట్టం మీలో చాలామంది బడిలో చదువుకునే ఉంటారు. అడవిలో చల్దులు తిందామని కృష్ణుడు పొద్దున్నే లేచి లేగలను తోలుకుపోతాడు. ఎండెక్కాక, లేగలకు నీళ్లు, పచ్చిక దొరికే చోటు చూసి "రండో బాలకులార! చల్ది గుడువన్ రమ్యస్థలం బిక్కడీ" అని పిలుస్తాడు. ఇంటి నుంచి తెచ్చుకున్న మూటలు, నీటి ఒడ్డు, పసులు నీళ్లు తాగుతుంటే పిల్లలు తినడం. మా చేన్ల కాడి మధ్యాహ్నం సరిగ్గా ఇట్లాగే ఉంటుంది. ఆ పద్యం చదివినప్పుడల్లా నాకు యమున కనిపించదు, మా ఊరి వాగే కనిపిస్తుంది.

మాట అదే ఉన్నా మూటలో ఉన్నది మాత్రం మారింది. మా అమ్మ తండ్రిది పాలమూరులోని అచ్చంపేట దిక్కు. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు పునాదిరాయి వేశారు. ఆ తర్వాత పాలమూరు నుంచి రాళ్ల పనికి పోయిన వేలమందిలో మా తాత ఒకడు. ఆయన సద్ది ఎప్పుడూ జొన్న రొట్టె, ఎల్లిపాయ కారమే. తడి లేకుండా కరకర కాలిస్తే రెండు రోజులున్నా చెడదు. 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ దిక్కు వరి పరుచుకున్నది, సద్దిలో రొట్టె పోయి బువ్వ వచ్చింది. (గుంటూరు అక్కా, అదే డ్యాం కుడి కాలువ మీ దిక్కు వచ్చింది. మీ అన్నం, మా అన్నం ఒక్క నీటిదే.) డ్యాం కట్టినవాళ్ల ఊళ్లకు మాత్రం ఆ నీళ్లు రాలేదు. మా తాత బతికినన్నాళ్లూ జొన్న రొట్టెనే కట్టించుకున్నాడు.

ఇంకొక్క విషయం. మా పిల్లలు సద్ది అనడం మానేశారు, బాక్స్ అంటారు. కానీ ఎట్లా అంటారో వినండి: "అమ్మా, బాక్స్ కట్టినవా?" స్టీలు డబ్బాను ఎవరైనా కడతారా? మూత పెట్టి నొక్కుతాం, అంతే. అయినా కట్టడం అనే అంటున్నాం, ఎందుకంటే అది మూట నాటి మాట. గుడ్డ పోయింది, ముడి పోయింది, సద్ది అనే పేరు కూడా పోతున్నది, కట్టడం మాత్రం మా పిల్లల నోట్లో ఇంకా ఉన్నది. మొదటిసారి ఈ సంగతి తట్టినప్పుడు పొయ్యి దగ్గర గరిటె పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను.

* * *

నిన్నటి నుంచి వచ్చిన జవాబులన్నీ చదివాను. కొన్నింటికి ఇక్కడే రాస్తున్నాను.

"మా ఊళ్లో సద్దన్నం అంటే రాత్రిదే" అని దేవరకొండ తమ్ముడు రాశాడు. నిజమే తమ్ముడూ, సద్దన్నం అని కలిపి అన్నప్పుడు మా దగ్గర కూడా కొందరు అట్లా అంటారు. ఆ సంగతి నేను మొదటే రాయవలసింది. నేను మాట్లాడుతున్నది ఒక్క సద్ది గురించి. "సద్ది కట్టు", "సద్ది గిన్నె", "సద్ది మూట" అన్నప్పుడు మీ ఊళ్లో ఏమనుకుంటారో మీ అమ్మను అడిగి చెప్పు.

సద్దుల బతుకమ్మలోని సద్దులు సజ్జల నుంచి వచ్చిందని ఒక అన్న వాదించారు, సజ్జలను సద్దలు అంటారు కదా అని. అన్నా, నేను ఒప్పుకోను. ధాన్యం పేరు సద్ద, దాని బహువచనం సద్దలు, బుట్ట–బుట్టలు లాగా. సద్ది బహువచనం సద్దులు, కత్తి–కత్తులు లాగా. పండుగ పేరు సద్దుల బతుకమ్మ, సద్దల బతుకమ్మ కాదు. పైగా ఆ ఐదు గిన్నెల్లో దేంట్లోనూ సజ్జలు ఉండవు.

పెరుగు సద్ది మధ్యాహ్నానికి పులవకుండా ఎట్లా కట్టాలని ముగ్గురు అడిగారు. అన్నం కొంచెం మెత్తగా వండి, వేడి మీదనే గరిటెతో మెదపండి. ఉప్పు వేయండి. పెరుగు కాదు, కాచిన పాలు పోయండి, అన్నం మునిగేంత. అది పాలన్నీ పీల్చుకుంటుంది, భయపడకండి, ఇంకొంచెం పోయండి. ఇప్పుడు తాంబాళంలోకి తీసి ఆరనివ్వండి. చెయ్యి వెనకభాగం ఆనిస్తే గోరువెచ్చగా తగలాలి, అప్పుడు ఒక్క చెంచా పెరుగు కలపండి. ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు పోపు కూడా చల్లారాకే వేయండి. పొద్దున ఏడింటికి కడితే ఒంటిగంటకు డబ్బాలోనే తోడుకుని కమ్మగా ఉంటుంది. వేసవిలో పెరుగు అర చెంచా చాలు.

గద్వాల, నారాయణపేట దిక్కువాళ్లు ఎవరైనా ఉంటే ఒకటి చెప్పండి. మేము సద్ది చుట్టే గుడ్డను దస్తీ అంటాం, పెద్దదైతే తువ్వాల అంటాం. అత్తమ్మ దగ్గర దానికని వేరే ఒక పాత చీర ముక్క ఉండేది, ఇంకో పనికి వాడనిచ్చేది కాదు. దానికి మీ దగ్గర ప్రత్యేకంగా పేరు ఏమైనా ఉన్నదా?